పచ్చబొట్టు బొంత మీదికి



ఒకసారి మీ చేతులు చూసుకోండి. ఎవరి చేతిమీదనన్నా పచ్చబొట్టు ఉన్నదా? లేకుంటే పక్కన కూచున్న అవ్వ చేయి చూడండి. తులసికోట ఉంటది. తేలు ఉంటది. చుక్కలు ఉంటయి. కొందరికి పేరు కూడా ఉంటది.

ఎరుకల స్త్రీలు ఊరూరు తిరిగి పచ్చలు పొడిచేవారు. పసుపు, అవిసె ఆకు కలిపి నూరేవారు. ఆ ముద్దను గుడ్డకు పూసి వత్తి చేసేవారు. ఆముదం దీపంలో వెలిగించి, పైన కొత్త కుండ బోర్లించేవారు. కుండ లోపల పట్టిన మసిని గీకి, తల్లిపాలతోనో నీళ్లతోనో కలిపేవారు. సూదులు కట్టగట్టి, మసిలో ముంచి పొడిచేవారు. 1909లో థర్‌స్టన్ దొర అచ్చువేసిన పుస్తకంలో ఈ పద్ధతి ఉన్నది. మసి నల్లనిదే. చర్మం కిందికి పోయినంక పచ్చగా కనిపిస్తది.

మనిషి చచ్చిపోతే సొమ్ములు ఊడదీస్తరు. పచ్చబొట్టును ఎవరూ తీసుకోలేరు. అది వెంట వస్తదని పెద్దల నమ్మకం. వెంట వస్తే మంచిదే. మరి బిడ్డకు ఏం మిగులుతది?

పాలమూరు పల్లెలో ఒక అవ్వ ఉన్నదనుకోండి. చిన్ననాడు అన్న పేరు చేతిమీద పొడిపించుకున్నది. పేరు కింద తేలు. అన్న మట్టిపనికి వలస పోయిండు. మళ్లీ రాలేదు. ఫోటో లేదు. ఉత్తరం లేదు. ఉన్నదల్లా ఆ మూడు అక్షరాలు. అవి అవ్వకు చదవరాదు. పొడిచినామె చెప్పింది, ఈమె నమ్మింది. అరవై ఏండ్లకు పలక పట్టింది. ఒక రాత్రి దీపం దగ్గర తన చేతిని తానే కూడబలుక్కొని చదివింది. మొదటి అక్షరానికి దీర్ఘం లేదు! అయినా అది అన్న పేరే.

ఇప్పుడా చేయి ముడతలు పడ్డది. గీతలు చెదిరినయి. ఆ పేరును, ఆ తేలును బొంత మీదికి తెచ్చుకోవచ్చు.

ఇది వింత పని కాదు. బీహారులో మధుబని జిల్లా ఉన్నది. అక్కడ పై కులాల స్త్రీలు గోడలమీద దేవుళ్ల బొమ్మలు వేసేవారు. దుసాధ్ కులం వాళ్లు దళితులు. 1970లలో జిత్వార్‌పూర్ ఊరిలో చానో దేవి, ఆమె తోటి స్త్రీలు తమ ఒంటిమీది పచ్చబొట్ల బొమ్మలనే కాగితం మీద వేసిన్రు. పచ్చబొట్టును అక్కడ గోద్నా అంటరు. ఆ బొమ్మలకూ అదే పేరు. 2024లో గోద్నా బొమ్మలు వేసే శాంతి దేవి, శివన్ పాస్వాన్ దంపతులకు పద్మశ్రీ వచ్చింది. ఆ రాష్ట్రంలోనే ముజఫర్‌పూర్ జిల్లా భూసురా ఊరిలో స్త్రీలు పాత చీరల బొంతల మీద తమ కష్టాలు కుడతరు. కట్నం బాధలు కూడా కుడతరు. ఆ బొంతను సుజని అంటరు.

ఇక పని చూడండి. చేతిమీద పలచని పాలితిన్ కాగితం పరచండి. చర్మం లాగకుండా పెన్నుతో గీయండి. దానిమీద అంగుళం అంగుళం గళ్లు కొట్టండి. పేపరు మీద ఆరు అంగుళాల గళ్లు కొట్టండి. ఒక్కో గడిలో ఉన్నది ఒక్కో గడిలోకి ఎక్కించండి. చేతిమీద 2 అంగుళాల తేలు బొంతమీద 12 అంగుళాలు అవుతది. గీతల వెంట సూదితో పేపరుకు బొక్కలు చేయండి. గుడ్డమీద పెట్టి బొగ్గుపొడి రుద్దండి. చుక్కలు గుడ్డమీద పడతయి. పేపరు తిరగేయకండి, అక్షరాలు తారుమారు అయితయి.

లేతరంగు పాత నూలు ధోతి పైకి మంచిది. గీతలకు గొలుసు కుట్టు, చుక్కలకు దారం ముడి వేయండి. తర్వాత కింద రెండు, మూడు పాత నూలు చీరలు పరిచి టాకాలు వేయండి. నైలాన్ చీర వద్దు, జారిపోతది. బొమ్మ చుట్టూ దగ్గర దగ్గరగా కుట్టండి. అప్పుడు బొమ్మ ఉబ్బుగా నిలుస్తది. పాత నారాయణపేట చీర అంచు దొరికితే చుట్టూ వేయండి, దానంత అందం ఇంకోటి రాదు.

మరి ఆ దీర్ఘం ఇయ్యాల్నా? వద్దు. చేతిమీద ఎట్లా ఉన్నదో అట్లనే కుట్టాలె. దిద్దితే అది ఆ పచ్చబొట్టు కాదు. సరైన పేరును కింద వేరే దారంతో అవ్వ కుట్టుకోవచ్చు. మూలకు తన పేరు, సంవత్సరం కుట్టాలె. ఆమె పేరు ఆమె చేతిమీద ఎన్నడూ లేదు.

జాతరలో కొత్త పచ్చబొట్టు వేయించుకునే పిల్లలకు ఒక మాట చెప్పండి. ఒకరికి వాడిన సూది ఇంకొకరికి వాడితే పచ్చకామెర్ల రోగం, ఎయిడ్స్ రోగం అంటుకోవచ్చు. కొత్త సూది, కొత్త రంగు అడగాలె.

రంగు దారం కొన్నప్పుడు తడి తెల్లగుడ్డ మీద రుద్ది చూడండి. రంగు అంటితే ఆ దారం పెట్టకండి. మొదటిసారి బొంతను విడిగా, చల్లనీళ్లల్ల ఉతకండి.