హైదరాబాద్ నుంచి వలస వెళ్లిన ఒక ప్రొఫెసర్: డాక్టర్ రజియుద్దీన్ సిద్దీఖీ జీవితం, మనకు మిగిల్చిన పని

(సంస్థ వార్షిక సభలో చేసిన ప్రసంగ పాఠం)



ఈ రోజు విద్య గురించి నాలుగు మాటలు చెప్పమన్నారు. ఇది ఒక్కరి మాట కాదు. సికింద్రాబాద్ చుట్టుపక్కల బడుల్లో లెక్కలూ సైన్సూ చెప్పే ఉపాధ్యాయులం తరచూ కలిసి అనుకునే మాటలివి. అందుకే "మేము" అనే మాట్లాడుతున్నాం.

విద్య గొప్పదని మీకు చెప్పనక్కర్లేదు. అది నమ్మారు కాబట్టే ఇక్కడ కూర్చున్నారు. ఆ ఉపన్యాసం మానేసి ఒక మనిషి జీవితం చెబుతాం. ఆయన మన హైదరాబాద్‌లో పుట్టి, ఇక్కడే చదివి, ప్రపంచంలోని గొప్ప శాస్త్రవేత్తల మధ్య తిరిగి, మళ్లీ ఇక్కడికే వచ్చి పాఠాలు చెప్పి, ఆఖరికి వలస వెళ్లిపోయారు. పేరు డాక్టర్ మొహమ్మద్ రజియుద్దీన్ సిద్దీఖీ. గణితం, సైద్ధాంతిక భౌతిక శాస్త్రం ఆయన రంగాలు. మన పిల్లల్లో నూటికి తొంభైతొమ్మిది మందికి ఈ పేరు తెలియదు.

ఆయన 20వ శతాబ్ది తొలి దశకంలో పుట్టారు. చదువుకునే వయసు వచ్చేసరికి హైదరాబాద్‌లో ఒక పెద్ద ప్రయోగం మొదలైంది. 1917లో ఏడో నిజాం మీర్ ఉస్మాన్ అలీఖాన్ ఫర్మానా ఇచ్చారు. 1918లో ఉస్మానియా విశ్వవిద్యాలయం ఏర్పడింది. మనం చూసే ఆ ఆర్ట్స్ కాలేజీ భవనం అప్పటికి లేదు, అది 1939లో తెరిచారు. మొదట్లో తరగతులు అద్దె ఇళ్లలోనే జరిగాయి. అయినా దేశంలో ఏ విశ్వవిద్యాలయమూ చేయని పని అది చేసింది. లెక్కలు, సైన్సు, వైద్యం, న్యాయం అన్నీ ఒక భారతీయ భాషలో, ఉర్దూలో చెప్పింది. అందుకోసం దారుల్ తర్జుమా అనే అనువాద సంస్థ పెట్టి, ఇంగ్లీషు పుస్తకాలను వరసగా ఉర్దూలోకి తెచ్చారు.

మాటలు లేని చోట మాటలు పుట్టించారు. భౌతిక శాస్త్రం తబీయాత్ అయింది. ఉష్ణం హరారత్, అయస్కాంతం మిక్నాతీస్, విద్యుత్ ప్రవాహం బర్కీ రౌ. ఈ పని ఎంత కష్టమో మాలాంటివాళ్లకు తెలుసు. ఉర్దూ మీడియం, తెలుగు మీడియం, ఇంగ్లీషు మీడియం పిల్లలు ఒకే ట్యూషన్‌లో కూర్చుంటే ఒకే సంగతిని మూడు పేర్లతో చెప్పాల్సి వస్తుంది.

ఆ విశ్వవిద్యాలయం తొలి తరం విద్యార్థుల్లో రజియుద్దీన్ ఒకరు. 1925లో గణితంలో డిగ్రీ పూర్తి చేశారు. హైదరాబాద్ ప్రభుత్వం అప్పట్లో ప్రతిభ ఉన్న విద్యార్థులను తన ఖర్చుతో విదేశాలకు పంపేది. అలాంటి స్కాలర్‌షిప్ మీద ఆయన కేంబ్రిడ్జి వెళ్లారు. ఉర్దూలో లెక్కలు నేర్చుకున్న కుర్రాడు న్యూటన్ చదివిన ఊళ్లో చదువుకున్నాడు. మీడియం పేరు చెప్పి పిల్లల్ని ముందే తక్కువ చేసేవారు ఈ సంగతి గుర్తుంచుకోవాలి. ఆయన ఇంగ్లీషునూ వదల్లేదు. అరబీ, ఫార్సీతో పాటు జర్మన్, ఫ్రెంచి కూడా నేర్చుకున్నారు. అమ్మభాషలో పునాది గట్టిగా పడితే దాని మీద ఎన్ని అంతస్తులైనా వేయవచ్చని ఆయన చదువే చెబుతోంది.

ఆయన వెళ్లిన కాలం కూడా మామూలుది కాదు. క్వాంటం మెకానిక్స్ పుట్టి రెండు మూడేళ్లే అయింది. కేంబ్రిడ్జిలో పాల్ డిరాక్ ఉన్నారు. ఎలక్ట్రాన్ మీద ఆయన పేరున్న సమీకరణం 1928లో వచ్చింది. 1919 సూర్యగ్రహణాన్ని పరిశీలించి ఐన్‌స్టీన్ మాట నిజమేనని చూపించిన ఎడింగ్టన్ కూడా అక్కడే ఉన్నారు. కేంబ్రిడ్జి తర్వాత రజియుద్దీన్ జర్మనీలోని లైప్జిగ్ వెళ్లారు. అక్కడ వెర్నర్ హైజెన్‌బర్గ్ ప్రొఫెసర్. ఆ తర్వాత కొంతకాలం పారిస్. ఇవాళ ఇంటర్ పుస్తకంలో మన పిల్లలు చదివే పేర్లు ఆయనకు ఎదురుగా నడిచే మనుషులు.

లైప్జిగ్‌లో ఆయన పరిశోధన చేసిన విషయాన్ని పెద్ద మాటల్లో చెబితే "పారాబోలిక్ రకపు నాన్‌లీనియర్ పాక్షిక అవకలన సమీకరణాలు". కంగారు పడకండి, వంటింట్లోంచే చెబుతాం. పొయ్యి మీద ఇనుప పెనం పెడతాం. మంట నడిమధ్యలో ఉంటుంది, కాసేపటికి పిడి కూడా కాలుతుంది. ఏ క్షణంలో పెనం ఏ చోట ఎంత వేడిగా ఉంటుందో లెక్కకట్టే సమీకరణం ఒకటుంది. కదపకుండా ఉంచిన గ్లాసు నీళ్లలో షర్బత్ చుక్క వేస్తే రంగు మెల్లగా పాకుతుంది. దానికీ ఇదే సమీకరణం. అయితే వేడి పెరిగే కొద్దీ వేడిని పంపే గుణం కూడా మారిపోతుంటే లెక్క చాలా జటిలమవుతుంది. అదే నాన్‌లీనియర్. అలాంటి జటిలమైన లెక్కల మీద ఆయన రాసిన వ్యాసం 1932లో జర్మనీలోని పేరున్న గణిత పత్రికలో అచ్చయింది.

ఇక ఈ కథలో మాకు అన్నిటికన్నా ఇష్టమైన భాగం చెబుతాం. యూరప్‌లో అంత చదువు చదివినాయన 1931లో తిరిగి వచ్చి ఉస్మానియాలోనే గణిత అధ్యాపకుడయ్యారు. దాదాపు రెండు దశాబ్దాలు ఇక్కడే పనిచేశారు. క్వాంటం మెకానిక్స్ మీద ఇంగ్లీషులో పుస్తకం రాశారు. సాపేక్షతా సిద్ధాంతాన్ని ఉర్దూ పాఠకులకు అర్థమయ్యేలా "ఇజాఫియత్" పేరుతో పుస్తకంగా ఇచ్చారు. ఇక్బాల్ కవిత్వంలో కాలం, స్థలం అన్న భావనల మీద కూడా రాశారు. దేశంలోని అగ్రశ్రేణి సైన్సు సంస్థకు ఫెలోగా ఎన్నికయ్యారు. కొంతకాలం ఉస్మానియా వైస్ చాన్సలర్‌గానూ ఉన్నారు. తను చదివిన చదువు తన ఊరివాళ్లకు వాళ్ల భాషలో అందాలని తపన పడ్డారు.

తర్వాత 1948 వచ్చింది. హైదరాబాద్ సంస్థానం భారతదేశంలో కలిసింది. ఉస్మానియాలో బోధన భాష కూడా ఉర్దూ నుంచి ఇంగ్లీషుకు మారిపోయింది. ఆ రోజుల్లో ఎన్నో కుటుంబాలు చీలాయి. అన్న ఇక్కడ, తమ్ముడు అక్కడ. ఈ సభలో కూడా అలాంటి ఇళ్లవాళ్లు ఉంటారు. డాక్టర్ రజియుద్దీన్ 1950 ప్రాంతంలో పాకిస్తాన్ వెళ్లారు.

ఇక్కడ ఒక మాట సూటిగా చెప్పుకోవాలి. అటు వెళ్లినవారి పేరు ఎత్తడానికి మనం జంకుతాం. ఎవరేమనుకుంటారోనని ఆగిపోతాం. అలా ఆగిపోతూ మన ఊరి చదువుల చరిత్రలో ఒక అధ్యాయాన్నే చింపేసుకున్నాం. ఆయన వెళ్లడం సరైందా కాదా అని తీర్పు చెప్పడం మా పని కాదు. ఆయన్ని తయారుచేసింది హైదరాబాద్ డబ్బు, హైదరాబాద్ గురువులు, హైదరాబాద్ భాష. అది చెప్పుకునే హక్కు మనకుంది.

వెళ్లిన చోట కూడా ఆయన చేసింది బడులు కట్టే పనే. పెషావర్ విశ్వవిద్యాలయానికి, తర్వాత సింధ్ విశ్వవిద్యాలయానికి వైస్ చాన్సలర్‌గా పనిచేశారు. 1960లలో ఇస్లామాబాద్ విశ్వవిద్యాలయం పెట్టినప్పుడు దానికి మొదటి వైస్ చాన్సలర్ ఆయనే. ఇప్పుడు అది ఖాయిదే ఆజం విశ్వవిద్యాలయం. ఆ దేశపు సైన్సు అకాడమీని స్థాపించినవారిలోనూ ఆయన ఒకరు. 1998 జనవరిలో కన్నుమూశారు.

ఒకరు వెళ్లిపోతే ఊరు ఖాళీ అవుతుందా? కాదు, మరొకరు వస్తారు. కృష్ణా జిల్లా నుంచి వచ్చి మన నిజాం కాలేజీలో చదివిన సూరి భగవంతం గారు సి.వి. రామన్ దగ్గర పరిశోధన చేసి, 1952 నుంచి 1957 దాకా ఉస్మానియా వైస్ చాన్సలర్‌గా ఉన్నారు. మన పక్కనే బేగంపేటలో నిజామియా అబ్జర్వేటరీ ఉండేది. ఒక నవాబు, జఫర్ జంగ్, 1901లో సొంత ఖర్చుతో దూరదర్శిని తెప్పించి మొదలుపెట్టిన పని అది. ఆ బేగంపేటలోనే 1897లో రోనాల్డ్ రాస్ దోమ కడుపులో మలేరియా క్రిమిని పట్టుకున్నారు. ఈ గడ్డ మీదికి వచ్చినవారూ ఉన్నారు, ఇక్కడి నుంచి వెళ్లినవారూ ఉన్నారు. చదువుకు సరైన సమయంలో ఎవరో ఒకరు డబ్బు పెట్టడం వల్లే ఇదంతా జరిగింది.

దానికి ఇంకో తార్కాణం. భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు పై చదువుకు అమెరికా వెళ్లారు. మామగారు కొంత సాయం చేశారు. కాకినాడలోని మల్లాడి సత్యలింగ నాయకర్ ధర్మనిధి సాయం చేస్తామని మాటిచ్చింది. ఆ నాయకర్ రంగూన్‌లో సంపాదించి, ఆ సంపాదనను ధర్మానికి రాసిన మనిషి. ఆయనకు సుబ్బారావు ఎవరో తెలియదు. సుబ్బారావు పేరు పెట్టిన పరీక్షా విధానం, ఆయన బృందం తెచ్చిన క్యాన్సర్ మందు మెథోట్రెక్సేట్ ఇవాళ్టికీ ఆసుపత్రుల్లో వాడుకలో ఉన్నాయి. ఎవరో తెలియని బిడ్డకు ఇచ్చిన రూపాయి ఎక్కడిదాకా వెళ్తుందో ఇచ్చినవారికి తెలియదు. సదకా ఎ జారియా అంటే ఇదే కదా.

ఇప్పుడు మన పిల్లల సంగతికి వద్దాం.

మన సంస్థ పదో తరగతి దాకా ఫీజులు కడుతోంది, పుస్తకాలిస్తోంది. అల్లా మీకు బర్కత్ ఇవ్వాలి. కానీ మేము చూస్తున్నది ఏమిటంటే, సైన్సులో నిజంగా ఆసక్తి ఉన్న పిల్లలు ఇంటర్ తర్వాత జారిపోతున్నారు. ఇంజనీరింగ్ సీటో మెడికల్ సీటో రాకపోతే చదువే అయిపోయిందని ఇంట్లో అనుకుంటారు. బీఎస్సీ భౌతిక శాస్త్రం అంటే "దాంతో ఏం ఉద్యోగం వస్తుంది?" అని అడుగుతారు. అబ్బాయి మొబైల్ షాపులో చేరతాడు, అమ్మాయికి సంబంధం చూస్తారు. ప్రభుత్వ ఫీజు రీయింబర్స్‌మెంట్ ఫీజుకే సరిపోతుంది. బస్సు చార్జీ, పుస్తకాలు, ఇంటికి రాకుండా పోయే నెలజీతం అందులో ఉండవు. మైనారిటీ విద్యార్థులు విదేశాల్లో పీజీ చేయడానికి రాష్ట్ర ప్రభుత్వం 20 లక్షల రూపాయల దాకా ఇచ్చే పథకం ఉంది. మంచిదే. కానీ అక్కడిదాకా ఎక్కాల్సిన మెట్ల దగ్గర చెయ్యి పట్టుకునేవారు లేరు.

అందుకే దాతలకు మూడు మనవులు.

మొదటిది. బీఎస్సీ, ఎమ్మెస్సీ సైన్సు చదివే పిల్లల కోసం విడిగా ఒక నిధి పెట్టండి. ఏటా ఇద్దరో ముగ్గురో చాలు. కానీ మూడేళ్లు, అవసరమైతే ఐదేళ్లు మధ్యలో ఆపకుండా ఇవ్వాలి. ఒక ఏడాది ఇచ్చి ఆపేస్తే బిడ్డ సగం మెట్టు మీద నిలబడిపోతుంది.

రెండోది డబ్బు అడగని మనవి. కేంద్ర ప్రభుత్వం ఇన్‌స్పైర్ పేరుతో, బోర్డు పరీక్షలో పై 1 శాతంలో నిలిచి బీఎస్సీ వంటి మౌలిక శాస్త్రాలు చదివేవారికి ఏడాదికి 80 వేల రూపాయల స్కాలర్‌షిప్ ఇస్తుంది. ఎమ్మెస్సీకి పెద్ద సంస్థల్లో చేరడానికి జామ్ అనే ప్రవేశ పరీక్ష ఉంది. మన గచ్చిబౌలిలోనే సెంట్రల్ యూనివర్సిటీ ఉంది. ఈ సంగతులు మన గల్లీలకు చేరడం లేదు. ఫలితాలు వచ్చే నెలల్లో మన ఆఫీసులో ఆదివారం ఒక బల్ల వేయండి. వచ్చి కూర్చుని దరఖాస్తులు నింపించే బాధ్యత మాది.

మూడోది. మేము పనిచేసే చిన్న బడుల్లో చాలాచోట్ల ప్రయోగశాల అంటే తాళం వేసిన బీరువా. కటకాలు, అయస్కాంతాలు, బ్యాటరీలు, తీగలు, ఒక మంచి థర్మామీటరు ఉన్న పెట్టె ఒక్కటి ఇప్పించండి. వారానికో బడికి తిప్పుతాం. పెనం పిడి ఎందుకు కాలుతుందో పుస్తకంలో చదివిన పిల్ల మార్కులు తెచ్చుకుంటుంది. చేత్తో కొలిచి చూసిన పిల్ల ప్రశ్న అడుగుతుంది.

ఈ పిల్లల్లో ఒకరు రేపు పెద్ద శాస్త్రవేత్త అయి దేశం దాటి వెళ్లిపోవచ్చు. "మన డబ్బు వృథా అయిందా" అని ఎవరైనా అడగవచ్చు. డాక్టర్ రజియుద్దీన్ జీవితమే దానికి జవాబు. వెళ్లేముందు ఆయన ఇరవై ఏళ్ల పాటు హైదరాబాద్ పిల్లలకు చెప్పిన పాఠాలు ఆయనతో పాటు సరిహద్దు దాటిపోలేదు. ఇక్కడే ఉన్నాయి. ఆ విద్యార్థులు ఉపాధ్యాయులయ్యారు, వాళ్ల విద్యార్థులు మాకు గురువులయ్యారు. మేము ఇవాళ మీ పిల్లలకు చెబుతున్నాం.