ముందు ఆయన్ని అడగండి



సంక్రాంతి వెళ్లింది. కోడిపందేలు, జగ్గన్నతోట ప్రభల తీర్థం, అల్లుళ్ల మర్యాదలు అన్నీ అయ్యాయి. ఇక తాగుడు ముదిరి పచ్చబడ్డ కళ్లతో, ఉబ్బిన పొట్టలతో, నెత్తురు వాంతులతో ఆస్పత్రికొచ్చే రోజులివి. రాజోలు వైపు నుంచి ఒక చెల్లెలు రాశారు: "మా అన్నయ్య చావు తప్పి ఆస్పత్రి నుంచి ఇంటికొచ్చాడు. తాగుడు మాన్పించడానికి కూరలో కలిపే మాత్ర పేరు చెప్పండి. ఆయనకి తెలియకూడదు."

కలపకండమ్మా. ఆ మాత్ర డైసల్ఫిరాం. డాక్టరు పరీక్షలు చేసి, మనిషికి వివరంగా చెప్పి, ఒప్పించి ఇచ్చేది. తెలియక దాని మీద తాగితే ముఖం ఎర్రబడి, గుండె దడదడలాడి, బీపీ పడిపోతుంది. ప్రాణం మీదికీ రావచ్చు. కాలేయం పాడైనవాళ్లకి అసలే పనికిరాదు. ఏం జరిగిందో తాగినవాడికీ తెలియదు, చూసే డాక్టరుకీ తెలియదు. ఇదేం వైద్యం?

ఇంకొందరు "ఆస్పత్రిలో అన్ని రోజులు ముట్టలేదు, మానేసినట్టే" అంటారు. మంచం మీద సెలైనుతో ఉన్నవాడు ఎక్కడికెళ్లి తాగుతాడండీ? అసలు పరీక్ష ఇంటికొచ్చాకే.

మొన్నామధ్య కొత్తపేట దగ్గర్నుంచి ఒకాయన వచ్చాడు. కొబ్బరి దింపు తీస్తాడు. నెత్తురు కక్కుకుని, ఐసీయూలో ఉండి, వార్డుకి మారాడు. మంచం చుట్టూ పంచాయితీ. భార్య మాల వేయిద్దామంటుంది. బావమరిది ఎక్కడో తాగుడు మాన్పించే సెంటర్లో ఆరు నెలలు పడేద్దామంటాడు. పెద్దన్నయ్య పసరు మందంటాడు. ఈయన గోడవైపు తిరిగి పడుకున్నాడు. అందర్నీ టీ తాగి రమ్మని పంపేసి, "మీరేమంటారు?" అన్నాను.

"నన్నెవరడిగారండి?"

అడిగాక ఆపలేదు. పొద్దున్నే చేతులు వణుకుతాయట. వణుకుతో చెట్టెక్కాలంటే భయం, అందుకని ఓ గుక్క. సాయంత్రం కూలి డబ్బులు చేతిలో పడగానే తోటివాళ్లతో దుకాణానికి. ఇంట్లో ఈ వణుకు సంగతే తెలియదు. సెంటరుకి వెళ్లనన్నాడు, కూతురి పెళ్లి బాకీ ఉంది. మాత్రలైతే రోజూ భార్య చేత్తోనే వేసుకుంటానన్నాడు. కూలి కూడా ఆమెకే ఇమ్మని తోట ఆసామికి తనే చెబుతానన్నాడు. ఇందులో ఒక్క ముక్కా నేను చెప్పింది కాదు. తర్వాత ఏదో పెళ్లిలో తాగాడు, నిజమే. కానీ మర్నాడు తనే వచ్చి, "ఈసారి కాకినాడ పెద్దాసుపత్రికి వెళ్తానండి" అన్నాడు.



మాత్రలు చాలా రకాలు. ఒకటి కాలేయానికి పడదు, ఒకటి మూత్రపిండాలకి పడదు. అందుకే డిశ్చార్జి కాగితాలన్నీ పట్టుకుని మానసిక వైద్యుడి దగ్గరికి వెళ్లండి. కాకినాడ పెద్దాసుపత్రిలో ఆ విభాగం ఉంది. కౌన్సెలింగు ఉంది, తాగుడు మానినవాళ్లే నడుపుకునే ఆల్కహాలిక్స్ అనానిమస్ సమావేశాలున్నాయి, వాటికి ఫీజు లేదు. ఏది కుదురుతుందో ఆయన పని, చేతిలో డబ్బు, మనసు చూసి ఆయనే ఎంచుకోవాలి. తెలివిలో ఉన్న మనిషిని ఒప్పుకోలు లేకుండా లోపల పడేయడానికి 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం కూడా ఒప్పుకోదు. 1995లో రాష్ట్రమంతా మద్యనిషేధం పెట్టినప్పుడు మనవాళ్లకి రేవు దాటితే మందు దొరికే యానాం ఉండేది. తాళాలు వేస్తే తాగుడు ఆగదని కోనసీమకి వేరే చెప్పాలా?

మాల వేసుకుంటే సంతోషమే. కానీ రోజూ బాగా తాగేవాడు ఒక్కసారిగా ఆపితే ఫిట్సు రావచ్చు. రెండోరోజో మూడోరోజో మతి తప్పి, లేనివి కనబడి కలవరించవచ్చు. అలాంటప్పుడు స్వామిని పీఠం దగ్గర కాదు, ఆస్పత్రిలో ఉంచండి.

"ఏ వైద్యమూ వద్దు" అంటే? అననివ్వండి. తిట్టకుండా మళ్లీ చెకప్పుకి తీసుకురండి, మేం మళ్లీ అడుగుతాం. ఈలోగా మత్తు మానడానికి సాయం చేసే 14446కి గానీ, మానసిక ఆరోగ్య సలహాలిచ్చే టెలిమానస్ 14416కి గానీ ఉచితంగా ఫోన్ చేయవచ్చు. చేసేది పెరట్లోకి వెళ్లి గుసగుసగా కాదు. ఆయన పక్కనుండగానే, స్పీకరు పెట్టి చేయండి.