రిఫండ్ ఇవ్వం అంటే ఊరుకోవద్దు
(మండల సమాఖ్య వార్షిక మహాసభలో చేసిన ప్రసంగం)



పొదుపులు, బ్యాంకు లింకేజీ, వసూళ్ళ లెక్కలు ముందు మాట్లాడినవాళ్ళు చెప్పేశారు. మేము చెప్పబోయేది ఆ లెక్కల్లో ఎక్కడా కనపడని డబ్బు గురించి. ఫోనులో ఆర్డరు పెడతాం, పాడైన వస్తువు వస్తుంది, వెనక్కి తీసుకోమంటే "రిఫండ్ కుదరదు" అంటారు, మనం వదిలేస్తాం. ఆ డబ్బు. మా గ్రామ సంఘం సమావేశంలో ఒకసారి, ఇలా ఎవరికైనా జరిగిందా అని అడిగాం. ముందు ఒక్కరూ నోరు విప్పలేదు. ఇంట్లో తెలిస్తే తిడతారని భయం. తర్వాత ఒకామె మిక్సీ జారు సంగతి చెప్పింది. ఇంకొకామె, ఫొటోలో ఒక చీర, పార్సిల్లో ఇంకో చీర అంది. అరగంటలో పదకొండు మంది చెప్పారు. ఒక్కొక్కరిదీ చిన్న మొత్తమే. కలిపితే ఒక పాడిగేదె బయానాకి సరిపోయేంత ఉంది.

చిన్న మొత్తం కానిది ఒకటి వచ్చింది, దాని గురించి వివరంగా చెప్తాం. మా సంఘంలో ఒక చెల్లెలు బట్టలు కుడుతుంది. పీకో, ఫాల్ పని వచ్చినప్పుడల్లా టౌనుకి పంపాల్సి వస్తోందని సంఘంలో 15,000 రూపాయలు అప్పు తీసుకుని, అందులో 11,800 పెట్టి ఆన్‌లైన్‌లో మోటారు మిషన్ తెప్పించుకుంది. వచ్చిన మూడో రోజుకే మోటారు వేడెక్కి ఆగిపోవడం మొదలైంది. నాలుగో రోజు యాప్‌లో రిటర్న్ పెట్టింది. టెక్నీషియన్ వచ్చి చూస్తాడన్నారు. ఆరో రోజు వస్తాడన్నవాడు తొమ్మిదో రోజు వచ్చి, ఫొటోలు తీసుకుని వెళ్ళిపోయాడు. పదో రోజు మెసేజ్ వచ్చింది: "మీ రిటర్న్ గడువు ఏడు రోజులు. గడువు ముగిసింది. రిఫండ్ ఇవ్వలేము."

మిషన్ మూలన పడింది. కిస్తీ మాత్రం ఆగదు కదా. ఆమె కట్టలేకపోతే మిగతా తొమ్మిది మంది సర్దాలి, రేపు పెద్ద లోనుకి వెళ్తే బ్యాంకు మన పుస్తకాలు చూస్తుంది. అందుకని ఇది ఆమె ఒక్కదాని గొడవ అని వదిలేయకుండా సంఘంలో కూర్చున్నాం.

కూర్చుని తెలుసుకున్నది ఏమిటంటే, మనకి చట్టం ఉంది. వినియోగదారుల రక్షణ చట్టం 2019లో వచ్చింది, 2020 జూలై నుంచి అమల్లో ఉంది. కొట్టులో కొన్నా, ఫోనులో కొన్నా కొన్నవాళ్ళు వినియోగదారులే అని అందులో స్పష్టంగా రాశారు. అదే నెలలో ఆన్‌లైన్ వ్యాపారానికి విడిగా ఈ-కామర్స్ నియమాలు కూడా వచ్చాయి. అందులో ముఖ్యమైన మాట ఇది: వస్తువు లోపంతో వచ్చినా, నకిలీది వచ్చినా, ప్రకటనలో చెప్పినట్టు లేకపోయినా, చెప్పిన గడువు దాటాక వచ్చినా, అమ్మినవాళ్ళు వెనక్కి తీసుకోనని అనకూడదు, డబ్బు ఇవ్వనని అనకూడదు. వరదల్లాంటివి వచ్చి ఆలస్యమైతే ఆ ఒక్క ఆలస్యం విషయంలో వాళ్ళకి మినహాయింపు ఉంది. అంతే.

"నో రిటర్న్" అని కింద చిన్న అక్షరాలతో రాసుకుంటే అయిపోయిందని చాలామంది అనుకుంటున్నారు. అది వాళ్ళు పెట్టుకున్న షరతు. లోపం ఉన్న వస్తువు అంటగట్టి ఆ షరతు చూపిస్తే చట్టం ఒప్పుకోదు. అలాగే ఏడు రోజుల గడువు సంగతి. మా చెల్లెలు నాలుగో రోజే చెప్పింది. ఆలస్యం చేసింది వాళ్ళు పంపిన మనిషి. ఒకవేళ గడువు దాటాకే లోపం బయటపడినా, వినియోగదారుల కమిషన్‌లో ఫిర్యాదు చేసుకోవడానికి రెండేళ్ళ సమయం ఉంటుంది.

అయితే ఒక మాట మనలో మనం చెప్పుకోవాలి. వస్తువు బాగానే ఉండి, రంగు నచ్చలేదనో, పక్కింటావిడ తక్కువకి కొందనో అంటే ఈ నియమం పనికిరాదు. అప్పుడు ఆ కంపెనీ ఇచ్చిన రిటర్న్ షరతే దిక్కు. పెళ్ళికి చీర కట్టుకుని మర్నాడు మడతపెట్టి రిటర్న్ పెట్టడం కూడా విన్నాం. నవ్వుతున్నారు గానీ, అలాంటివాటి వల్లే నిజంగా నష్టపోయినవాళ్ళని కూడా అనుమానంగా చూస్తారు.

ఇక మేము ఏం చేశామో చెప్తాం. ప్రతి ఆన్‌లైన్ కంపెనీ గ్రీవెన్స్ ఆఫీసరు అనే ఒక ఫిర్యాదుల అధికారిని పెట్టాలి, ఆ అధికారి పేరు, ఫోను, మెయిలు తమ యాప్‌లో గానీ సైటులో గానీ చూపించాలి. ఫిర్యాదు అందిందని 48 గంటల్లో చెప్పాలి, ఒక నెలలోపల పరిష్కరించాలి. కస్టమర్ కేర్‌లో మాట్లాడే పిల్లలు వేరు, ఈ అధికారి వేరు. కస్టమర్ కేర్‌తో మా చెల్లెలు ఏడుసార్లు మాట్లాడింది. ప్రతిసారీ కొత్త మనిషి, ప్రతిసారీ మొదటినుంచి కథ. ఫోనులో మాట్లాడిన మాటకి మన చేతిలో ఆధారం ఉండదు. అందుకని రాతపూర్వకంగా పెట్టాలని తీర్మానించుకున్నాం.

పెద్ద ఉత్తరం అక్కర్లేదు. మేము రాయించింది ఇంతే: "ఫలానా ఆర్డరు నెంబరుతో ఫలానా తేదీన 11,800 రూపాయలు చెల్లించి కుట్టు మిషన్ కొన్నాను. మూడో రోజు నుంచి మోటారు పనిచేయడం లేదు. నాలుగో రోజే యాప్‌లో ఫిర్యాదు చేశాను, ఆ స్క్రీన్‌షాట్ జతచేశాను. మీ టెక్నీషియన్ తొమ్మిదో రోజు వచ్చారు. లోపం ఉన్న వస్తువును వెనక్కి తీసుకోకపోవడం ఈ-కామర్స్ నియమాలకు విరుద్ధం. మిషన్ తీసుకుని, పూర్తి మొత్తం నా ఖాతాకు పంపండి." తెలుగులో పెడితే పక్కన పడేస్తారేమోనని ఇంటర్ చదివే అమ్మాయి చేత అదే ఇంగ్లీషులో కూడా రాయించి రెండూ కలిపి పంపాం. తిట్లు రాయలేదు. రాయాలని చాలామందికి ఉంది గానీ, తేదీలు రాస్తే చాలని ఆపాం.

రెండో రోజుకి జవాబు వచ్చింది, ఫిర్యాదు నెంబరుతో. ఆ తర్వాత పన్నెండు రోజులకి ఇంకో మెసేజ్: మిషన్ మీరే ఉంచుకోండి, 4,000 రూపాయల కూపన్ ఇస్తాం, మా యాప్‌లో ఏదైనా కొనుక్కోండి అని. ఇక్కడ చాలామంది ఒప్పేసుకుంటారు. పోనీలే, ఎంతో కొంత వచ్చింది కదా అని. కూపన్‌తో కిస్తీ కట్టగలమా? సంఘం పుస్తకంలో కూపన్ జమ రాయం కదా! "నాకు సమ్మతం కాదు, నేను డబ్బు చెల్లించాను, డబ్బే కావాలి" అని రాసి పంపాం. ఒప్పుకుంటున్నట్టు ఉన్న బటన్ ఏదీ నొక్కొద్దని ఆమెకి గట్టిగా చెప్పాం.

అప్పుడు ఇంకో మెలిక పెట్టారు. బిల్లులో టైలరింగ్ షాపు పేరు ఉంది కాబట్టి ఇది వ్యాపారం కోసం కొన్నది, వినియోగదారుల చట్టం మీకు వర్తించదు అని. అక్కలూ, ఈ ఒక్క విషయం మాత్రం తప్పకుండా గుర్తుపెట్టుకోండి, ఎందుకంటే మనలో చాలామంది కొనేది ఇలాంటివే. పిండి మర, ఇడ్లీ గ్రైండరు, కుట్టు మిషన్, ప్యాకింగ్ మిషన్. స్వయం ఉపాధితో తన బతుకుతెరువు కోసమే కొని తను వాడుకుంటే, అది వ్యాపార ప్రయోజనం కిందికి రాదని అదే చట్టంలో వివరణ ఉంది. ఆమె మిషన్ మీద ఆమే కుడుతుంది, దాని మీదే ఇల్లు గడుస్తుంది. ఆమె వినియోగదారే. అదే, కిరాణా కొట్టు నడిపే అక్క తిరిగి అమ్మడానికి సరుకు తెప్పించుకుంటే ఆమెకి ఈ చట్టం వర్తించదు. ఆ తేడా తెలిసి ఉండాలి.

ఇంకో చిక్కు మన ఇళ్ళల్లోది. యాప్ కొడుకు ఫోనులో ఉంటుంది, ఆర్డరు అతని పేరున ఉంటుంది, వాడేది మనం. కొన్నవాళ్ళ అనుమతితో వాడుకునేవాళ్ళు కూడా వినియోగదారులేనని చట్టం చెప్తుంది. అయినా బిల్లు మన పేరున, డబ్బు మన ఖాతా నుంచి ఉంటే వాదన తగ్గుతుంది. సంఘం అప్పుతో కొనేదైతే సభ్యురాలి పేరుతోనే ఆర్డరు పెట్టించాలని మా సంఘంలో ఇప్పుడు పద్ధతి పెట్టుకున్నాం.

కూపన్ వద్దన్నాక 1915కి ఫోను చేశాం. ఇది జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్, కేంద్ర ప్రభుత్వానిది, తెలుగులో మాట్లాడతారు, ఖర్చు లేదు. ఫిర్యాదు రాసుకుని ఒక నెంబరు ఇస్తారు, దాన్ని కంపెనీకి పంపి జవాబు అడుగుతారు. ఇది కోర్టు కాదు. ఇవ్వకపోతే శిక్ష వేసే అధికారం వాళ్ళకి లేదు. ఆ మాట ముందే తెలిస్తే నిరాశ ఉండదు. కానీ మనం ఏడుసార్లు మాట్లాడినా కదలనిది, అక్కడినుంచి అడిగితే కదిలింది. పంతొమ్మిది రోజులకి వచ్చి మిషన్ పట్టుకెళ్ళారు, ఆ తర్వాత వారంలో 11,800 ఆమె ఖాతాలో పడింది. ఈలోగా పోయిన పని, కట్టిన వడ్డీ మాత్రం రాలేదు.

అవి కూడా కావాలన్నా, 1915తో పని కాకపోయినా జిల్లా వినియోగదారుల కమిషన్‌కి వెళ్ళాలి. ఆమె అక్కడిదాకా వెళ్ళదలచుకోలేదు, అది ఆమె ఇష్టం. కానీ వెళ్ళడం మనం అనుకునేంత కష్టం కాదు. 1986 నాటి పాత చట్టంలో కంపెనీ ఉన్నచోటో, వ్యవహారం జరిగినచోటో కేసు వెయ్యాలి. ఇప్పుడు మనం ఉండే జిల్లాలోనే వెయ్యొచ్చు. 5 లక్షల రూపాయల లోపు కొనుగోలుకి ఫీజు లేదు. వకీలు తప్పనిసరి కాదు. ఈ-జాగృతి అనే ప్రభుత్వ సైటు ద్వారా ఇంటినుంచే ఫిర్యాదు పెట్టొచ్చు. కట్టిన డబ్బుతోపాటు నష్టపరిహారం, ఖర్చులు ఇప్పించే అధికారం కమిషన్‌కి ఉంది, ఆదేశం పాటించకపోతే జైలు, జరిమానా కూడా ఉన్నాయి. మూడు నెలల్లో తేల్చడానికి ప్రయత్నించాలని చట్టం అంటుంది, వస్తువుని పరీక్షకి పంపాల్సి వస్తే ఐదు నెలలు. అంతకన్నా ఎక్కువ పట్టినా ఆశ్చర్యపోవద్దు, వాయిదాలు మనకి తెలియనివి కావు.

ఇదంతా ఎదుటివాడికి ఒక పేరు, చిరునామా ఉన్నప్పటి మాట. మా ఊళ్ళోనే ఇంకో అక్క ఫోనులో వీడియోల మధ్య వచ్చిన ప్రకటన చూసి 1,499కి రెండు పట్టుచీరలు తెప్పించింది. డెలివరీకి డబ్బు ఇచ్చి విప్పితే దోమతెర లాంటి గుడ్డ. పార్సిల్ మీద సరైన చిరునామా లేదు, బిల్లు లేదు, ఆ పేజీ కూడా మాయమైంది. ఎవరిమీద ఫిర్యాదు చెయ్యాలి? ఆ డబ్బు రాలేదు. అది చాలదన్నట్టు, రిఫండ్ కోసం ఫోనులో వెతికితే ఒక కస్టమర్ కేర్ నెంబరు దొరికింది. వాడు తియ్యగా మాట్లాడి, లింకు పంపి, యూపీఐ పిన్ కొట్టమన్నాడు. పక్కన ఉన్న కోడలు ఫోను లాక్కుంది కాబట్టి ఖాతాలో ఉన్నది మిగిలింది. మనకి డబ్బు రావడానికి పిన్ అక్కర్లేదు, ఓటీపీ అక్కర్లేదు. పిన్ అడిగాడంటే మన ఖాతాలోంచి తీసుకోవడానికే. అలా పోయిందంటే వెంటనే 1930కి చెయ్యాలి, ఎంత తొందరగా చేస్తే ఆ డబ్బుని మధ్యలో ఆపే అవకాశం అంత ఉంటుంది. కస్టమర్ కేర్ నెంబరు ఆ కంపెనీ యాప్ లోపల ఉన్నదే తీసుకోవాలి.

పార్సిల్ విప్పేటప్పుడు పిల్లల చేత వీడియో తీయించండి, పైన అంటించిన చీటీ కనపడేలా. అట్టపెట్టె వెంటనే పొయ్యిలో పెట్టేయకండి. మా చెల్లెలి విషయంలో ఆ పెట్టె ఉండబట్టే మిషన్ వెనక్కి తీసుకునేటప్పుడు ఇంకో పేచీ రాలేదు.

ఈ సభ ముందు మేము పెడుతున్న కోరికలు రెండు. ప్రతి గ్రామ సంఘం నెలవారీ సమావేశంలో అప్పుల అంశం అయ్యాక, ఆన్‌లైన్ కొనుగోళ్ళలో ఎవరికైనా ఇబ్బంది వచ్చిందా అని అడిగి మినిట్స్ పుస్తకంలో రాయాలి. అడిగితేనే బయటికి వస్తాయి, మేము చూశాం. రెండోది, సంఘం అప్పుతో కొన్న పనిముట్టు పాడై, ఫిర్యాదు నడుస్తున్న సభ్యురాలికి ఆ రెండు మూడు నెలలు కిస్తీలో వెసులుబాటు ఇచ్చే విషయం మండల సమాఖ్య కార్యవర్గం చర్చించాలి. మా సంఘంలో తొమ్మిది మందిమీ తలా కొంత సర్దుకున్నాం. అన్ని సంఘాలకీ అది కుదరదు.

ఫిర్యాదు రాయడం తెలియనివాళ్ళు మా ఊరు రండి. మేము పంపిన ఉత్తరం నకలు, తెలుగుదీ ఇంగ్లీషుదీ, మా వీఓఏ దగ్గర ఉంది. పేరు, ఆర్డరు నెంబరు, తేదీలు మార్చుకుంటే సరిపోతుంది.