పెరటి విత్తనములు
(హోసూరులో మన సంఘ సభ్యుల సమావేశమునందు చేసిన ప్రసంగ పాఠము)



భాషాభిమానమును గూర్చి మన వేదికపై ఉపన్యాసములు తరచుగా జరుగుచునే యున్నవి. నేడు మేము విత్తనములను గూర్చి ముచ్చటింప దలచితిమి. మేము అంగడి నడుపుకొనువారము. విత్తనపు పొట్లములు అమ్ముటయు మా వ్యాపారములో నొక భాగమే. ఇంటింట గింజలు దాచుకొన్నచో మా బేరము కొంత తగ్గును. తగ్గినను మంచిదే యని చెప్పుటకే వచ్చితిమి.

ముందుగా అనప సంగతి. హోసూరు, కృష్ణగిరి ప్రాంతముల తెలుగువారికిని, చిత్తూరు సీమవారికిని అనపకాయ యనగా కన్నడిగుల అవరెకాయియే. గోదావరి తీరపు బంధువులు అంగడికి వచ్చి ఆనపకాయ అడిగినచో మాత్రము సొరకాయ నీయవలెను. చిక్కుడు జాతి కాయలు తూచి యిచ్చితిమా, నవ్వులపాలే!

రాగి చేలలో సాళ్ల నడుమ మన పెద్దలు విత్తిన నాటు అనప పగటి నిడివి తగ్గినగాని పూయదు. అందుచేతనే అది చలికాలపు పంట అయినది. మంచు పడు దినములలో ఆ కాయ వలిచిన చేతికి అంటు జిగటయు, వాసనయు మీకు మేము వర్ణింప నక్కరలేదు. పగటి నిడివితో పనిలేక అన్ని కాలములందును కాయు హెబ్బాళ అవరె-3, అవరె-4 అను రకములను బెంగుళూరు వ్యవసాయ విశ్వవిద్యాలయమువారు రూపొందించిరి. రైతునకు అవి మేలే చేసినవి, నిందింపము. కాని పితికిపప్పు కూరకు నాటుగింజకు సాటిలేదని మా తీర్పు. ఆ గింజను విత్తక, దాచక కొన్నియేండ్లు గడచినచో ఆ యింటి రకము ఆ యింట ముగిసినట్లే. పిదప ఏ అంగడిలోను, మా అంగడిలోను, అది దొరకదు.

ఇక దాచు విధము. హైబ్రిడ్ పొట్లమునుండి మొలచిన మొక్క గింజ తీసి విత్తిన, తల్లివంటి పిల్లలు రావు. కావున నాటురకమునే ఎన్నుకొనుడు. అనప, గోరుచిక్కుడు, టమాట తమలో తామే ఎక్కువగా ఫలదీకరణము పొందును గనుక చిక్కు తక్కువ. సొర, బీర, గుమ్మడి అట్లు కావు. తేనెటీగ పొరుగు పాదునుండి పుప్పొడి తెచ్చును. రెండు రకముల సొరపాదులు దగ్గర నున్నచో, విచ్చబోవు ఆడుమొగ్గను, అనగా క్రింద చిన్న పిందె యున్నదానిని, దారముతో కట్టి యుంచి, సాయంకాలము విప్పి మగపువ్వు పుప్పొడి తాకించి, మరల కట్టవలెను. చేదు సొరను విత్తనమునకే కాదు, తినుటకును వాడరాదు. అది విషము.

మొదటి మంచి కాయలు కోసి కూర వండుకొని, చివర మిగిలిన గిడసకాయను విత్తనమునకు విడుచు అలవాటు మన యిండ్లలో కలదు. ఇది తలక్రిందుల పద్ధతి. బలమైన చెట్టున మేలైన కాయకే దారము కట్టి విడువవలెను. వంకాయ పసుపువన్నెకు తిరుగవలెను, బెండ చెట్టుననే ఎండవలెను, సొరకాయ యూపిన గింజలు గలగలలాడవలెను. టమాట గింజలను గుజ్జుతోనే ఒకటి రెండు దినములు ఊరనిచ్చిన పైజిగురు విడిపోవును. పిదప కడిగి నీడన ఆరబెట్టుడు.

తేమయే విత్తనమునకు శత్రువు. గింజలోని తేమ నూటికి ఒక పాలు తగ్గిన కొలది దాని ఆయువు రమారమి రెట్టింపగునని శాస్త్రజ్ఞుల లెక్క. పంట కొరికిన అనపగింజ టక్కున విరుగవలెను, నొక్కుపడరాదు. దీనికి పుచ్చుపురుగు బెడద పొలములోనే ఆరంభమగును. పురుగు కాయమీద గ్రుడ్లు పెట్టి గింజలో దూరి యింటికి వచ్చును. అందుకే మన యవ్వలు ఎర్రమన్ను పట్టించి ఎండబెట్టిరి, బూడిద కలిపిరి. నేడు మూత బిగువుగల సీసా యున్నది. అడుగున చెంచాడు బూడిద వేసి చల్లని చోట నుంచుడు. ఉల్లి విత్తనము ఏడాది దాటిన నమ్మరాదు. వంగ, టమాట మూడు నాలుగేండ్లు నిలుచును. అనుమానమున్న పది గింజలు తడిగుడ్డలో చుట్టి మొలకలు లెక్కించుడు.

గింజలు ఇచ్చిపుచ్చుకొనుట నేరమేమో యని యొకరు మమ్ము అడిగిరి. కాదు. 2001 నాటి మొక్కల రకముల పరిరక్షణ, రైతుల హక్కుల చట్టము రైతు తన గింజను దాచుటకును, పంచుటకును, అమ్ముటకును హక్కు నిచ్చినది. రక్షిత రకమును ముద్రవేసిన పొట్లముగా అమ్మరాదు, అంతియే.

వచ్చు సమావేశమునకు తలా గుప్పెడు నాటు అనపగింజలు తెండు. పొట్లముపై ఊరు, విత్తిన సంవత్సరము, మీ యింట ఆ కాయను పిలుచు పేరు తెలుగున వ్రాయుడు. పేరు ఎట్లు పలుకుదురో అట్లే వ్రాయుడు, దిద్దవలదు. సీసాలు మేము తెచ్చెదము. వెల యేమియు లేదు.