ట్రాన్స్‌ఫార్మర్‌లో కాగితం ఆయుష్షు

నూనెతో నింపిన ట్రాన్స్‌ఫార్మర్లలో వైండింగుల తీగకు చుట్టే క్రాఫ్ట్ కాగితం చెక్క గుజ్జుతో తయారవుతుంది. అందులో ముఖ్య పదార్థం సెల్యులోజ్. అది గ్లూకోజ్ అణువుల పొడవాటి గొలుసు. కొత్త కాగితంలో ఒక్కో గొలుసుకు సగటున 1000 వరకు లంకెలుంటాయి. వేడి, తేమ, ఆక్సిజన్, నూనెలో పుట్టే ఆమ్లాలు ఏళ్ల తరబడి వాటిని తెంపుతూ పోతాయి. సగటు 200కు పడిపోతే కాగితం ముట్టుకుంటే చిట్లేంత పెళుసుగా మారుతుంది, దాని ఆయుష్షు తీరినట్టే.

వీటన్నిటిలో వేడిదే పైచేయి. సాధారణ కాగితానికి 98 డిగ్రీల సెల్సియస్ దాటాక ప్రతి 6 డిగ్రీలకు క్షీణత వేగం రెట్టింపవుతుందని అంతర్జాతీయ ప్రమాణాల లెక్క. తేమ మరీ మొండిది. సెల్యులోజ్ విరిగిపోతున్నకొద్దీ నీరు పుడుతుంది, ఆ నీరు మరిన్ని గొలుసులను తెంపుతుంది.

పాతబడిన కాగితం విద్యుత్తును చాలావరకు అడ్డుకుంటూనే ఉంటుంది. పోయేది దాని బిగువు. లైనులో షార్ట్ సర్క్యూట్ జరిగి వైండింగులు ఒక్కసారిగా అదిరితే పెళుసు కాగితం చిరుగుతుంది, అసలు ప్రమాదం అక్కడే.

నడుస్తున్న ట్రాన్స్‌ఫార్మర్ నుంచి కాగితం ముక్క తీయడం కుదరదు. అందుకే కాగితం క్షీణించేటప్పుడు పుట్టి నూనెలో కరిగే ఫ్యూరాన్లు, కార్బన్ మోనాక్సైడ్ వంటి వాటిని కొలిచి దాని స్థితిని అంచనా వేస్తారు. నూనెను వడకట్టవచ్చు, మార్చనూ వచ్చు. కాగితం మార్చాలంటే మాత్రం వైండింగులు విప్పి మళ్లీ చుట్టాల్సిందే.