స్వస్థత – సహవాసము
(సాంస్కృతిక సంఘ సమావేశమున చేసిన ప్రసంగ పాఠము)



పుదుచ్చేరి పట్టణమున కాపురముండు తెలుగు కుటుంబములకు రెండు దృశ్యములు చిరపరిచితములు. తెల్లవారకమునుపే జిప్మర్ ఆసుపత్రి కడ బారులు తీరి నిలుచు రోగులును, వారిని కనిపెట్టుకొని యుండు బంధువులును ఒక దృశ్యము. పట్టణమునకు పడమట విల్లియనూరులో, 1877లో వెలసిన లూర్దుమాత కోవెలకు పోవు జనసందోహము రెండవది. ఆ కోవెలకు క్రైస్తవులే కాక అన్యమతస్థులును పోవుదురు. ఆసుపత్రిలో చీటీ వ్రాయించుకొన్నవాడే మరునాడు కోవెలలో క్రొవ్వొత్తి వెలిగించును. మందు దొరకినను మనిషి ఇంకను దేనినో వెదకుచున్నాడు. అది యేమి?

మన భాషలోనే దీనికి కొంత సమాధానము కలదు. వ్యాధి 'నయమైనది' అందుము. మనిషి 'బాగుపడినాడు' అందుము. ఈ రెండు మాటలు ఒకటి కావు. జ్వరము నయమగును, చెడిన బ్రతుకు బాగుపడును. ఇక 'స్వస్థుడు' అను సంస్కృత పదమునకు తనయందు తాను నిలిచినవాడని అర్థము. తెలుగు బైబిలును అనువదించిన పెద్దలు రోగము పోవుటను చెప్పవలసివచ్చినప్పుడు 'స్వస్థపరచుట' అను మాటను గ్రహించుట మిక్కిలి యుక్తముగా నున్నది. ఏలయన సువార్తలలో వ్యాధి పోయినంతమాత్రమున కథ ముగియదు. మనిషి తిరిగి ఇంటికి, ఊరికి, నలుగురిలోనికి చేరినగాని ముగియదు.

రెండు ఘట్టములను తలచుకొందము. కుష్ఠరోగి యొకడు యేసును సమీపించి వేడుకొనెను. ఆనాటి ధర్మశాస్త్రము ప్రకారము అట్టివాడు పాళెము వెలుపల ఒంటరిగా నివసింపవలెను. యేసు ఒక్క మాటతో వానిని బాగుచేయగలవాడే. అయినను ముందుగా చేయి చాపి వానిని ముట్టెను. రోగము పోయిన పిమ్మట యాజకునికి కనబరచుకొమ్మని పంపెను. యాజకుడు అంగీకరించినగాని వానికి ఊరిలో ప్రవేశము లేదు. అనగా ఆదియందు స్పర్శ, అంతమందు సమాజప్రవేశము, నడుమ స్వస్థత. రెండవది పక్షవాతరోగి కథ. నలుగురు మనుష్యులు వానిని మంచముతో మోసికొని వచ్చిరి. ద్వారము కడ జనము క్రిక్కిరిసి యుండగా ఇంటికప్పు విప్పి మంచమును లోనికి దించిరి. యేసు ఆ మోసినవారి విశ్వాసమును చూచెనని సువార్త చెప్పుచున్నది. రోగి విశ్వాసమును గూర్చి అక్కడ ప్రత్యేకముగా చెప్పబడలేదు. తనంతట తాను నమ్మలేని దశలో ఉన్నవానిని ఇతరులు తమ నమ్మకముతో మోయవచ్చునన్నమాట.

ఈ భావము గ్రంథములకే పరిమితము కాక, పుదుచ్చేరికి చేరువనే ఎట్లు ఆచరణకు వచ్చినదో చూతము. చెన్నపట్టణమునుండి ఇచటికి వచ్చు తెలుగువారు పలువురు దాటి వచ్చు ఊరు తిండివనము. పంతొమ్మిదవ శతాబ్దాంతమున అచట స్కడ్డరు అను అమెరికను మిషనరీ వైద్యుడుండెను. ఆయన కుమార్తె ఐడా ఈ దేశమున స్థిరపడుటకు ఇష్టము లేనిదై, అమెరికాలో సుఖముగా జీవింపవలెనని తలచుచుండెను. ఒక రాత్రి ఒకరి వెనుక ఒకరుగా ముగ్గురు పురుషులు ఆ ఇంటి తలుపు తట్టిరి. ముగ్గురి భార్యలును ప్రసవవేదనలో నుండిరి. పరపురుషుడైన వైద్యుని ఇంటిలోనికి రానిచ్చుట వారి ఆచారము కాదు. ఆ యువతికా వైద్యము రాదు. తెల్లవారుసరికి ముగ్గురు స్త్రీలును మరణించిరి. ఆ రాత్రి ఐడా స్కడ్డరు మనసు మారెను. తెలుగు క్రైస్తవులు 'మారుమనస్సు' అను మాటకు పాపమును విడుచుట అని మాత్రమే అర్థము చెప్పరు. త్రోవ మార్చుకొనుట అనియు చెప్పుదురు. ఆమె 1899లో వైద్యపట్టము పొంది, 1900లో తిరిగివచ్చి వేలూరులో చిన్న వైద్యశాలను ప్రారంభించెను. 1918లో స్త్రీలకొరకు వైద్యపాఠశాల వెలసెను. రాయలసీమవారు నేటికిని 'రాయవేలూరు ఆసుపత్రి' అని ఆశతో పలుకునది ఆ సంస్థనే. చిత్తూరు, కడప జిల్లాల పల్లెలలో ఆ పేరు వినని ఇల్లు అరుదు.

ఆ ఆసుపత్రికి 1946లో పాల్ బ్రాండ్ అను శస్త్రవైద్యుడు వచ్చెను. ఆయన 1914లో తమిళదేశపు కొల్లికొండలలో మిషనరీ దంపతులకు జన్మించినవాడు. వైద్యము చదువకమునుపు వడ్రంగము, తాపీపని నేర్చినవాడు. చెంగల్పట్టు కుష్ఠాలయమును చూడబోయినప్పుడు ఆయన, వ్రేళ్ళు ముడుచుకొనిపోయిన ఒక రోగిని తన చేయి పట్టి నొక్కుమనెను. ఆ చేతిలో బలముండదని తలచెను. రోగి నొక్కగా వైద్యునికి నొప్పి పుట్టెను! కొన్ని కండరములు చచ్చినను కొన్ని సజీవముగానే యున్నవని ఆయనకు తెలిసెను. మంచి కండరపు నరమును మరల్చి చచ్చుబడిన వ్రేళ్ళకు సంధించు శస్త్రచికిత్స 1948లో వేలూరున మొదలయ్యెను. వ్రేళ్ళు రోగముచే కుళ్ళి రాలిపోవుననుట తప్పనియు, స్పర్శజ్ఞానము లేకుండుటచే తగులు దెబ్బలు, కాలుడులే వానిని హరించుననియు ఆయన నిరూపించెను.

చేతులు బాగుపడెను. కాని మనుష్యులు బాగుపడిరా? చికిత్స ముగించుకొని వెళ్ళినవారు కొందరు దిగులుతో తిరిగివచ్చిరి. ఎవరును పని ఇయ్యరు, గది అద్దెకియ్యరు. వంకర పోయిన చేతులను చూచి జాలితో కాసులు వేయువారు చక్కని చేతులకు బిచ్చము కూడ వేయరైరి. వైద్యము వారి జీవనాధారమును తీసివేసి మరియొకటి చూపలేదు. ఈ చిక్కునుండి 1951లో కళాశాల ఆవరణలోనే కొన్ని గుడిసెలతో 'నవజీవ నిలయము' ఏర్పడెను. అచట రోగులు వడ్రంగము నేర్చి కొయ్యబొమ్మలు చేసిరి. డాక్టరుగారు చిన్ననాట నేర్చిన వడ్రంగము ఇక్కడ పనికివచ్చెను.

అట్టివారిలో ఒక యువకుని కథను బ్రాండ్ తన గ్రంథమున వ్రాసియున్నాడు. వాడు మిక్కిలి కలహశీలి. వ్యాధిచే ముఖములో కొంత భాగము చచ్చుబడుటవలన వాడు చిరునవ్వు నవ్వినను అది వెక్కిరింతవలె కనబడెడిది. ఎదుటివారు జడిసి ముఖము త్రిప్పుకొనుటయు, వాడు నవ్వుటయే మానుటయు జరిగెను. శస్త్రచికిత్సలు చేసిరి, పని నేర్పిరి. డాక్టరుగారి వృద్ధమాత వానితో ఓర్పుతో మాటలాడెను. క్రమముగా వాడు క్రైస్తవ విశ్వాసమును స్వీకరించి బాప్తిస్మము పొందెను. అయినను వానికొక భయము మిగిలెను. తనను ప్రేమించినవారందరు కుష్ఠాలయమునకు సంబంధించినవారే. అది వారి వృత్తి. ఊరిలోని సామాన్యులు తనను చేరనిత్తురా?

డాక్టరుగారు వేలూరిలోని తమిళ దేవాలయపు పెద్దలతో మాటలాడెను. ఆ ఆలయమున ప్రభుభోజన సమయమున అందరును ఒకే పాత్రలో త్రాగెడివారు. వాని వ్యాధి ఇతరులకు సోకు దశలో లేదని వైద్యుడు చెప్పవచ్చును. కాని వినువాని గుండె ఒప్పుకొనవలెను గదా. పెద్దలు తర్జనభర్జన చేసి చివరకు అంగీకరించిరి. ఆ ఆదివారము ఇరువురును ఆలయమున ప్రవేశించునప్పటికి జనము లేచి కీర్తన పాడుచుండిరి. వెనుక వరుసలోని ఒకడు తల త్రిప్పి చూచెను. ఆ క్షణమున ఏమి జరుగునో తెలియక డాక్టరు ఊపిరి బిగపట్టెను. ఆ మనిషి కీర్తనల పుస్తకమును ప్రక్కన పెట్టి, చిరునవ్వు నవ్వి, తన ప్రక్కనున్న పీటపై చేతితో తట్టి, రమ్మని సైగ చేసెను. యువకుడు నివ్వెరపోయెను. పిదప కాళ్ళీడ్చుకొనుచు పోయి ఆ చోట కూర్చుండెను.

అనేక సంవత్సరముల తరువాత బ్రాండ్ మరల వేలూరు వచ్చినప్పుడు అంగవికలురు పనిచేయు ఒక కర్మాగారమునకు పోయెను. టైపు మిషనులకు వలయు అతిసూక్ష్మమైన మరలు చేయుచు, తప్పులు లేని పనికై అఖిలభారత స్థాయిలో బహుమానము పొందిన కార్మికుడొకడు అచట నుండెను. వాడే ఈ యువకుడు. వాని చేతిని తిరిగి ఇచ్చినది శస్త్రవైద్యుని కత్తి. ఆ చేతితో పని చేయవలెనను కోరికను ఇచ్చినదో? పీటపై తట్టిన ఆ చేయి. ఆ పనికి వైద్యపట్టము అవసరము కాలేదు. రూపాయి వ్యయము కాలేదు. కాని ధైర్యము కావలసివచ్చెను.

ఇట్లు బాగుచేయువారి పంక్తిలో, తాను దెబ్బతినియే చేరినది డాక్టరు మేరీ వర్గీసు. ఆమె కేరళీయురాలు; వేలూరున చదివి వైద్యురాలైనది. 1954 జనవరిలో జరిగిన మోటారు ప్రమాదమున వెన్నుపూస దెబ్బతిని కాళ్ళు రెండును చచ్చుబడెను; ముఖమునకును తీవ్రమైన గాయములయ్యెను. వయస్సు ఇరువదియెనిమిది. ఇట్టి స్థితిలో ప్రార్థన చేయువాడు కాళ్ళు తిరిగి రావలెనని కోరుట సహజము. అవి తిరిగి రాలేదు. కూర్చుండియే చేయదగిన శస్త్రచికిత్స కుష్ఠరోగుల చేతులదని బ్రాండ్ సూచించెను. ఆమె చక్రముల కుర్చీలో కూర్చుండి ఇతరుల చేతులు సరిచేసెను. పిదప విదేశములలో పునరావాస వైద్యము నభ్యసించి తిరిగివచ్చి, వేలూరున ఆ శాఖకు అధిపతియై, 1966లో పునరావాస సంస్థను నెలకొల్పెను. 1972లో పద్మశ్రీ బిరుదము పొందెను, 1986లో దివంగతురాలయ్యెను. ఆమె 'నయము' కాలేదు, స్వస్థురాలైనది. విశ్వాసము అడిగినదెల్ల ఇచ్చునని బోధించువారికి ఈమె జీవితము ఒక దిద్దుబాటు. విశ్వాసము లేకున్నను ఇంతే జరిగెడిదనువారికిని ఆమె జీవితము ఒక ప్రశ్న.

తెలుగు గడ్డపైనను ఇట్టి నిదర్శనము కలదు. క్షయకు మందు లేని దినములలో, 1915లో, మదనపల్లె చెంత పలు క్రైస్తవ మిషనులు కలిసి క్షయరోగాలయమును స్థాపించెను. డేనిష్ వైద్యుడు ఫ్రిమోట్ మోలరు దాని తొలి అధిపతి. ఆ స్థలమునకు 'ఆరోగ్యవరము' అని పేరిడిరి. మంచిగాలి, పుష్టికరమైన ఆహారము, విశ్రాంతి — ఇవియే నాటి చికిత్స. ఇంటివారే పళ్ళెము వేరుచేసిన రోగులు అచట నెలల తరబడి ఒకరికొకరు తోడుగా జీవించిరి. 1948లో మన దేశమున బి.సి.జి. టీకా తొలుత ప్రయోగింపబడినది ఆ మదనపల్లె ప్రాంతముననే. తరువాత మందులు వచ్చెను. ఇంటివద్ద చేయు చికిత్స రోగాలయపు చికిత్సకు తీసిపోదని 1959లో మద్రాసు పరిశోధన తేల్చెను. రోగాలయముతో పని తగ్గెను. తోడుతో పని తగ్గలేదు. పళ్ళెము వేరుచేయు అలవాటు ఏ మాత్రతోను పోదు గదా!

ఆ మాటకు వచ్చినచో చట్టములు కూడ మనుష్యుల వెనుకనే నడచినవి. కుష్ఠమునకు మూడు మందుల సంయుక్త చికిత్సను ప్రపంచ ఆరోగ్య సంస్థ 1981లో సిఫారసు చేసెను. 1898 నాటి కుష్ఠరోగుల చట్టము మాత్రము 2016 వరకు రద్దు కాలేదు. కుష్ఠు విడాకులకు హేతువుగా ఉండుట 2019 నాటి చట్టసవరణతోగాని తొలగలేదు. వ్యాధిని నయము చేయు మందు వచ్చిన దాదాపు నాలుగు దశాబ్దముల వరకు, ఆ వ్యాధి పేరిట భార్యనో భర్తనో విడుచుటకు కాగితముపై అనుమతి యుండెను. దస్త్రములతో నిత్యము వ్యవహరించు ఉద్యోగులు గమనింపదగిన విషయమిది.

నేడు కుష్ఠు, క్షయ అనగా పూర్వపు భీతి కొంత తగ్గినది. కాని పాళెము వెలుపల నిలుచువారు తగ్గలేదు. మానసిక వ్యాధికి చికిత్స పొంది వచ్చిన సహోద్యోగి, మద్యమునకు లోనై ఇల్లు గుల్ల చేసుకొన్న గృహస్థుడు, బిడ్డను పోగొట్టుకొని నలుగురిలోనికి రాలేని తల్లి — వీరు ప్రతి కార్యాలయమునను, ప్రతి నివాసవాటికయందును కలరు. మద్యపానమును మానదలచినవారు ఒకరికొకరు అండగా నిలుచు 'ఆల్కహాలిక్స్ అనానిమస్' అను సహవాసము 1935లో అమెరికాలో ఒక క్రైస్తవ సమాజపు ప్రభావమున పుట్టి, 1957 నుండి మన దేశమునను ఉన్నది. నేడందు అన్ని మతములవారును కలరు. పడి లేచినవాడు పడినవాని ప్రక్కన కూర్చుండుటయే దాని కిటుకు.

ఈ ప్రసంగమున చెప్పబడినవారు తమ బలము క్రీస్తునందు కలదని నమ్మినవారు. ఆ మాటను దాచి వారి సేవను మాత్రము పొగడుట న్యాయము కాదు. అట్లే వారి ఆసుపత్రి ద్వారమున రోగి మతమును బట్టి వరుస మారలేదనుటయు మరువరాదు. వినువారిలో ఏ దేవుని కొలుచువారైనను గ్రహింపదగినది ఒకటి కలదు.

తెలుగు క్రైస్తవులు ఆదివారము కూడు విశ్వాసుల సమూహమును 'సంఘము' అందురు. ఈ సంస్థ పేరిటను ఆ మాటయే యున్నది. ఉగాదికి పచ్చడి పంచుట, సంక్రాంతికి ముగ్గుల పోటీ పెట్టుట, నాటకము లాడుట — ఇవన్నియు సంఘము చేయదగిన పనులే. అయితే దీర్ఘకాలపు సెలవు ముగించుకొని, తన్ను ఎవరు పలుకరింతురో యని వాకిట తటపటాయించుచు నిలిచిన సభ్యుడు ఒకనాడు ఇట్టి సభకే రావచ్చును. ఆనాడు వేదికపై ఎవరేమి మాటలాడిరో వానికి జ్ఞాపకముండదు. వెనుక వరుసలో ఎవరు తల త్రిప్పి చూచిరో, ప్రక్కనున్న కుర్చీని ఎవరు తట్టిరో, అది మాత్రము వాడు బ్రతికియున్నంతకాలము మరువడు.