ట్రాలీ వెనక కెమెరా: బిగించే పద్ధతి, చెడితే చూసుకునే తీరు, మన షరతులు

(షోలాపూర్ యూనియన్ ఆఫీసులో జరిగిన డ్రైవర్లు, హెల్పర్లు, హమాలీల సమావేశంలో కార్యదర్శి ప్రసంగ పాఠం)



ఈరోజు పిలిపించింది బోనసు గురించి కాదు, డీఏ గురించీ కాదు. మన మిల్లు యార్డులో తిరిగే మూడు ట్రాక్టరు ట్రాలీలకు యాజమాన్యం వెనక కెమెరాలు పెట్టించింది. ఆ సంగతి మాట్లాడుకోవడానికి పిలిచాము. డ్రైవర్లతో, హమాలీలతో పాటు వేస్టు ఖాతాలో పనిచేసే చెల్లెమ్మలను కూడా రమ్మన్నాము. ట్రాలీ వెనక్కి వచ్చే దారిలో గంపలెత్తుకుని నడిచేది వాళ్లే గనుక.

కెమెరాలు పెట్టిన వారానికే రెండో షిఫ్టులోనూ మూడో షిఫ్టులోనూ హెల్పర్లను ట్రాలీ వెనక నుంచి తీసి ప్యాకింగుకు పంపారు. "కెమెరా వచ్చింది కదా, ఈల ఊదడానికి మనిషెందుకు" అన్నారు. ఇవాళ పరిస్థితి ఏమిటి? మూడింటిలో ఒకటి బొమ్మే చూపడం లేదు. ఇంకొకటి పగలు బాగుంటుంది, రాత్రి ఆగిపోతుంది. ట్రాలీలు మాత్రం ఒక్క ట్రిప్పూ ఆగలేదు. కెమెరా లేదు, హెల్పరూ లేడు, డ్రైవరు మెడ తిప్పుకుని దేవుడి మీద భారం వేసి వెనక్కి తోలుతున్నాడు.

మనం కెమెరాకు వ్యతిరేకం కాదు. యంత్రం వస్తే అడ్డుపడతారని మన మీద ఎప్పుడూ ఉన్న నిందే అది. వెనక కనబడడం మంచిదే. బేలు ఒక్కింటికి 170 కిలోలు. 20 బేళ్లు వేస్తే 3,400 కిలోలు. ఆ ఎత్తున సరుకు పేర్చాక అద్దాల్లో రెండు పక్కలు కనిపిస్తాయి గాని ట్రాలీ వెనక నేల ఒక్క అడుగు కూడా కనబడదు. గంటకు 5 కిలోమీటర్ల వేగమంటే మనిషి నడక. ఆ నడకలోనే సెకనుకు దాదాపు 1.4 మీటర్లు వెనక్కి వస్తుంది. కేక విని డ్రైవరు బ్రేకు మీద కాలు పెట్టేలోపు మనిషి పొడవు దాటిపోతుంది. మన ట్రాలీలకు సొంత బ్రేకులు లేవు, ఆగాలంటే ట్రాక్టరే ఆపాలి. మన దేశంలో కొత్త కార్లకు 2019 జులై 1 నుంచి వెనక సెన్సార్లు తప్పనిసరి చేశారు. అమెరికాలో చిన్న వాహనాలకు 2018 మే నుంచి వెనక కెమెరాయే తప్పనిసరి. అవి కార్లలో తిరిగేవాళ్ల కోసం రాసిన నిబంధనలు. ట్రాలీ వెనక నడిచేవాళ్లకు రక్షణ కావాలంటే మనమే అడగాలి, మనమే చూసుకోవాలి కూడా. అందుకే ముందు ఈ సామాను గురించి తెలుసుకుందాం. తెలియనివాడికి మేనేజరు ఏం చెబితే అదే నిజం.

సామాను పెద్దగా ఏం లేదు. ట్రాలీ వెనక కెమెరా, డ్రైవరు ముందు స్క్రీను, మధ్యలో తీగ. ట్రాక్టరుకూ ట్రాలీకీ మధ్య టెలిఫోను తీగలాగా చుట్టలు తిరిగిన కాయిల్ కేబులు, దానికి మర బిగించే గుండ్రటి నాలుగు పిన్నుల ప్లగ్గు. ఇదే కారుకైతే ఒకసారి బిగించి మరిచిపోవచ్చు. ట్రాలీని రోజుకు పదిసార్లు తగిలిస్తాం, విప్పుతాం. అందుకే జబ్బంతా ఆ కలిపే చోటే ఉంటుంది.

వైరు లేని కెమెరా చౌక, పని తొందర అని స్టోర్సు వాళ్లు అంటున్నారు. అది రేడియో మీద నడిచేది. ఇనుప ట్రాలీ, ఇనుప రేకుల షెడ్డు, పక్కన ఆఫీసు వైఫై. వీటి మధ్య బొమ్మ తెగుతూ ఉంటుంది. తెగితే తెగింది, స్క్రీను నల్లబడితే డ్రైవరు ఆగుతాడు. కొన్నిటిలో పాత బొమ్మ అలాగే నిలిచిపోతుంది. డ్రైవరు ఖాళీ దారిని చూస్తూ ఉంటాడు, అది రెండు సెకన్ల కిందటి దారి. నా అభిప్రాయంలో యార్డుకు తీగ కెమెరాయే సరి. ఏ కెమెరా అయినా రివర్సు వేసే ముందు తెరలో ఏదో ఒకటి కదులుతోందా అని చూడాలి. హెల్పరు చెయ్యి ఊపితే తెరలో చెయ్యి ఊగాలి.

బిగించే చోటు సంగతి. మొదటి ట్రాలీకి కెమెరాను వెనక డాలా మీద బిగించారు. సరుకు దించడానికి డాలా కిందకు వదలగానే కెమెరా నేలను చూస్తుంది, నాలుగు రోజుల్లో బేలు తగిలి అద్దం పగులుతుంది. కదలని చోట, అంటే వెనక మూల స్తంభానికి గాని, ఛాసిస్ అడ్డబద్దకు గాని బిగించాలి. చుట్టూ ఇనుప పట్టీ కాపు ఉండాలి. బొమ్మలో అడుగున ట్రాలీ అంచు సన్నగా కనబడేటట్టు వంచాలి. అంచు కనబడకపోతే ఎంత దూరంలో ఏముందో డ్రైవరుకు లెక్క దొరకదు. బిగించాక ఖాళీ కోన్ల క్రేటు ఒకటి తీసుకుని ట్రాలీ వెనక ఎడమ మూల నుంచి కుడి మూల దాకా జరుపుతూ, తెరలో ఎక్కడ మాయమవుతుందో నేల మీద సున్నంతో గీయండి. ఆ గీత లోపల మనిషి నిలబడకూడదు. తెర మీద కనిపించే ఆకుపచ్చ, ఎర్ర గీతలను నమ్మవద్దు. అవి కారు కొలతకు వేసినవి, మన ట్రాలీ మలుపు వాటికి తెలియదు.

ఇంకొకటి, ఇది చాలా ముఖ్యం. బొమ్మ అద్దంలో చూసినట్టు ఉండాలి. కుడి పక్కనున్న మనిషి తెరలో కుడివైపునే కనబడాలి. ట్రాలీతో వెనక్కి పోయేటప్పుడు స్టీరింగు కుడికి తిప్పితే ట్రాలీ తోక ఎడమకు పోతుందన్నది డ్రైవర్లకు చేతిలో ఉన్న లెక్క. బొమ్మ కూడా తారుమారైతే ఆ లెక్క తలకిందులై, తప్పించబోయి మనిషి మీదికే తోలతాడు. కొన్ని కెమెరాల తీగ చివర చిన్న లూపు వైరు ఉంటుంది, దాన్ని తెంపితే బొమ్మ మారుతుంది. కొన్నింటిలో స్క్రీను మెనూలోనే ఉంటుంది. లూపులు రెండుంటే రెండోది గీతలది. కాగితం చదవకుండా కత్తెర పెట్టవద్దు.

కరెంటు విషయానికి వస్తే, మన ట్రాక్టర్లకు రివర్సు స్విచ్చి లేదు. ట్రాలీ ఏడు పిన్నుల సాకెట్టులోనూ ఇండికేటర్లు, బ్రేకు లైటు, తోక లైట్లు పోగా రివర్సుకు పిన్ను లేదు. కాబట్టి తాళం తిప్పగానే స్క్రీను వెలిగేలా పెట్టడం మేలు. కెమెరాకు కరెంటు తోక లైటు నుంచి తీశారు రెండో ట్రాలీకి. లైటు వేస్తేనే కెమెరా! స్క్రీను నుంచి వచ్చే కేబుల్లోనే కెమెరా కరెంటు, బొమ్మ, ఎర్తు మూడూ ఉంటాయి, అవే వాడాలి. హుక్కు పిన్నును ఎర్తుగా నమ్ముకోవద్దు. అక్కడ గ్రీజు, తుప్పు, ఊగులాట తప్ప ఇంకేమీ లేవు.

బ్యాటరీ దగ్గరే, జానెడు దూరంలోపు, 2 లేక 3 ఆంపియర్ల ఫ్యూజు ఉండాలి. 12 వోల్టులు మనిషికి షాకివ్వవు గాని, బ్యాటరీ వైరు బాడీకి తగిలితే తీగ ఎర్రగా కాలుతుంది. అది దూది మోసే బండి. బేలు లోపల నిప్పు రవ్వ పడితే గంటల తరబడి పొగ కూడా బయటికి రాకుండా రగులుతుందని బ్లోరూములో పనిచేసినవాడికి నేను చెప్పక్కరలేదు. వైర్లు మెలిపెట్టి టేపు చుట్టే పని వద్దు. సోల్డరు వేసి స్లీవు తొడగాలి, గొట్టంలోంచి తీసుకుపోవాలి. బ్రాకెట్టు వెల్డింగు చేయాలంటే ట్రాలీ ఖాళీ చేసి, ఊడ్చి, ట్రాక్టరు విప్పి, గోడౌనుకు దూరంగా తీసుకుపోయి చేయాలి. ఎత్తిన డాంపింగు ట్రాలీ కింద దూరి వైరు కట్టేవాళ్లు కింద దుంగ ఆనించకుండా తల పెట్టవద్దు. హైడ్రాలిక్ గొట్టం పగిలితే చెప్పి పడదు.

ఇక చెడితే చూసుకోవడం. మగ్గం మీద బట్టలో తప్పొస్తే ముందు అది పడుగులోనా పేకలోనా అని చూస్తాం కదా. ఇక్కడా అంతే, సగానికి సగం విడదీయాలి. తెర అసలే వెలగకపోతే తప్పు ట్రాక్టరు వైపు: ఫ్యూజు, ఎర్తు, తాళం వైరు. తెర వెలిగి "నో సిగ్నల్" అంటే స్క్రీను బతికే ఉంది. అప్పుడు ట్రాలీ నుంచి కెమెరా విప్పి, ట్రాక్టరు దగ్గరకు తెచ్చి, స్క్రీను తీగకే నేరుగా గుచ్చండి. బొమ్మ వస్తే కెమెరా మంచిదే, తప్పు మధ్య తీగలో. రాకపోతే రెండో ట్రాలీ కెమెరా గుచ్చి చూడండి. అదీ రాకపోతే స్క్రీను వైపు వెతకాలి. పది నిమిషాల పని. కొత్త కెమెరా తెచ్చి బిగించాక కూడా నల్లగానే ఉంటే, అది ఏ రకమో చూడండి. ఏహెచ్‌డీ కెమెరా పాత రకం స్క్రీనుకు పనికిరాదు. రెండూ మంచివే, జోడీ కుదరదు.

కదిలితే బొమ్మ పోయి, ఆగితే వస్తోందంటే ప్లగ్గు మర వదులైంది, లేదా కాయిల్ కేబులు లోపల తెగింది. ఇంజను తిరిగేటప్పుడే తెర మీద అడ్డగీతలు వస్తే ఆల్టర్నేటరు గోల. కెమెరా ఎర్తు రెండుచోట్ల కలిసిందేమో చూడాలి. రాత్రి తెల్లటి పొగలా కనబడితే అద్దం మీద దూది నుసి గాని, తడి గాని ఉంది. కెమెరా చుట్టూ ఉన్న చిన్న దీపాల వెలుగు దాని మీద పడి తిరిగి వస్తోంది. మన దగ్గర షిఫ్టుకోసారి తడిగుడ్డతో తుడవాల్సిందే, ఊదితే పోదు.

పగలు ఉండి రాత్రి పోయే మూడో ట్రాలీ జబ్బు కొంచెం వేరు. చీకటి పడగానే ఆ చిన్న దీపాలు వెలుగుతాయి, కెమెరా ఎక్కువ కరెంటు లాగుతుంది. తుప్పుపట్టిన పిన్ను అంత కరెంటు ఇవ్వలేదు. మన ఎలక్ట్రీషియను మీటరు పెట్టి 12 వోల్టులు ఉన్నాయి, కెమెరా చెడిపోయిందని రాశాడు. అతని తప్పు పట్టడం లేదు. కాని ప్లగ్గు విప్పి కొలిస్తే ఒక్క పోగు వైరు మిగిలినా మీటరు 12 చూపిస్తుంది. బరువు మోపి కొలవాలి. కెమెరా ప్లగ్గు దగ్గర 5 వాట్ల తోక లైటు బల్బు కలపండి, అది దాదాపు కెమెరా అంత, అంటే 0.4 ఆంపియర్లు తింటుంది. బల్బు వెలుగుతుండగా బ్యాటరీ కంటే అర వోల్టుకు మించి తక్కువైతే దారిలో తుప్పుంది. తీగ సన్నమని సాకు చెబుతారు. అర చదరపు మిల్లీమీటరు రాగి తీగ 15 మీటర్లు పోయి వచ్చినా ఆ కరెంటుకు అర వోల్టు కూడా పోదు. పోయేదంతా ప్లగ్గులో. పిన్నులు తుడిచి, వాసెలైను రాసి, విప్పినప్పుడు మూత పెట్టి, ప్లగ్గును ట్రాక్టరు వెనక డమ్మీ సాకెట్టులో గుచ్చి ఉంచితే వానాకాలం దాటుతుంది. మలుపులో తెగకుండా కాయిల్ కేబులుకు వదులుండాలి, నేల మీద ఈడ్చుకోకూడదు.

ఇప్పుడు మన షరతులు. హుక్కు విప్పేటప్పుడు తెగిన కేబులుకు డ్రైవరు జీతంలో కోస్తామని గిరిణి ఆఫీసు నోటీసు పెట్టింది. 2025 నవంబరు 21 నుంచి నాలుగు కార్మిక కోడ్‌లు అమలులోకి వచ్చాయి, ఫ్యాక్టరీల చట్టం స్థానంలో వృత్తి భద్రత కోడ్ వచ్చింది. కేంద్ర కార్మిక సంఘాలు ఈ కోడ్‌లను వ్యతిరేకించాయి, మనమూ వ్యతిరేకించాము. అయినా అందులో మనకు పనికొచ్చే మాట ఉంటే వదులుకోవడం ఎందుకు? పని స్థలాన్ని ప్రమాదం లేకుండా ఉంచే బాధ్యత యజమానిదని, భద్రత కోసం చేసిన ఏర్పాటుకు కార్మికుడి దగ్గర రుసుము తీసుకోకూడదని అందులో ఉంది. నష్టం పేరుతో జీతంలో కోయాలంటే అది అతని నిర్లక్ష్యం వల్లే జరిగి ఉండాలి, ముందు సంజాయిషీ చెప్పుకునే అవకాశం ఇవ్వాలి. డమ్మీ సాకెట్టు పెట్టకుండా తీగను గాలికి వదిలిందెవరో ఆ సంజాయిషీలో రాద్దాం. ప్రమాదం ముందుందని గట్టి అనుమానం ఉంటే దాన్ని యాజమాన్యం దృష్టికి తెచ్చే హక్కు కూడా మనకు ఉంది. నోటిమాటగా వద్దు, కాగితం మీద తేవాలి.

మనం అడిగేది ఇది. హెల్పరు మూడు షిఫ్టుల్లోనూ ట్రాలీ వెనక ఉండాలి. తెరలో కనబడనివాడిని చూసేది, బేళ్ల మధ్య వంగిన చెల్లెమ్మను పక్కకు లాగేది అతనే. కెమెరాకు చేతులు లేవు. బొమ్మ లేని ట్రాలీ రివర్సు వేయకూడదని, అలా ఆపినందుకు డ్రైవరు మీద చర్య ఉండదని సర్క్యులరు ఇవ్వాలి. షిఫ్టు మారే పావుగంట రివర్సు బందు. ప్రతి ట్రాలీకి ఒక రిజిస్టరు ఉండాలి: అద్దం తుడిచారా, బొమ్మ కదిలిందా, కుడిఎడమలు సరిగ్గా ఉన్నాయా, సంతకం. చెడినట్టు రాసిన రోజు, బాగుచేసిన రోజు రెండూ అందులో ఉండాలి. రేపు ఏదైనా జరిగితే "మాకు తెలియదు" అనే మాట రాకుండా.

ప్యాకింగుకు పంపిన హెల్పర్లు అక్కడ సుఖంగానే ఉందని అనుకుంటున్నారని విన్నాను. ఎండ లేదు, దుమ్ము లేదు, నిజమే. కాని ప్యాకింగులో బదిలీ వాళ్లను తీసేసి మిమ్మల్ని పెట్టారు. ఆ నలుగురు బదిలీ తమ్ముళ్లకు పది రోజులుగా పాస్ దొరకలేదు. వాళ్లు కూడా ఇక్కడే వెనక వరుసలో కూర్చున్నారు.

డిమాండు కాగితం టేబులు మీద ఉంది, చదివి సంతకాలు చేయండి. చదవడం రానివాళ్లకు పక్కవాళ్లు చదివి వినిపించాలి. మూడో ట్రాలీ కేబులు, ప్లగ్గు స్టోర్సు నుంచి స్లిప్పు మీద తెప్పించాము. మీటరు, 5 వాట్ల బల్బు, పాత బ్యాటరీ వరండాలో ఉన్నాయి. డ్రైవర్లు ముందు రండి, విప్పి చూద్దాం.